అడ్డపట్టీ కోయబోయిన రాత్రి

మా ఇంట్లో ఒట్లు పెట్టుకోరు. మా నాయిన పెట్టనిచ్చేవాడు కాదు. మాట మీద నిలబడలేని వాడికే ఒట్టు కావాలి అనేవాడు. ఇప్పుడు ఆయన పేరు మీదే ఒట్టు పెట్టి చెబుతున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. కల కాదు. మత్తుమందు వాసనకు మతి పోయి చెప్పే మాట అసలే కాదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే ఊరుకోను.

ఎనభై మూడో, ఎనభై నాలుగో. వానలు తగ్గుముఖం పడుతున్న రోజులు. హనుమకొండలో మాకొక చిన్న దుకాణం ఉండేది. నేమ్‌ప్లేట్లు, డాక్టర్ల బోర్డులు, ఆఫీసర్లు టేబుల్ మీద పెట్టుకునే పేర్లు... అన్నీ ఆక్రిలిక్ షీటుతో చేసేవాళ్లం. అద్దంలా కనిపించే ప్లాస్టిక్ అది. మా నాయిన యేసోబు ఆ పనిలో మొనగాడు. నేను పదో తరగతి తప్పి ఆయన పక్కన కూర్చున్నాను. తప్పినందుకు అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. మూడో నెలకే అక్షరాలు కోయడం వచ్చేసింది నాకు.

ఆ షీటును అతికించేది క్లోరోఫారంతో. అవును, మత్తుకు వాడేదే. సూదితో రెండు ముక్కల సందులోకి ఒక్క చుక్క వదిలితే చాలు. అంచులు రెండూ కరిగి ఒక్కటైపోతాయి. ఆ సీసా విషయంలో మా నాయిన మహా కఠినం. కిటికీలు తెరవాలి. దీపం, పొయ్యి దగ్గర మూత తీయకూడదు, ఆ వేడికి విషమవుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఇంకో నియమం కూడా ఉండేది. అతుకు విప్పాలన్నా, అతికించిన ముక్కను కోయాలన్నా ముందు దాని మీద వేలి కణుపుతో మూడుసార్లు తట్టాలి. టక్... టక్... టక్... తట్టి, చెవి పెట్టి వినాలి.

"ఒకని చేతి పని ఇప్పుతానమంటే ఆనికి చెప్పి ఇప్పాలె బిడ్డా," అనేవాడు. "మంచి అతుకు టక్కుమంటది. లోపల పగులుంటే చిర్రుమంటది. అది చెప్పేదాక ఆగాలె. ఆగకుంట కోసినవో... నీ ఖర్మ."

ఆ మనిషికే ఒక రోజు పొద్దున పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది. నోట మాట పోయింది. నాలుగు నెలలు ఇనుప మంచం మీదే ఉన్నాడు. ఎడమ చేయి మాత్రం ఆడేది. ఆ చేతి వేలి కణుపుతో మంచం చువ్వ మీద తట్టేవాడు. మూడుసార్లు. మూడుసార్లు తడితే నీళ్లు అని అమ్మా నేనూ మాకు మేమే అనుకున్నాం. నేను పరుగెత్తుకెళ్లి గ్లాసు తెచ్చేదాన్ని. ఒక్కోసారి తాగేవాడు. ఒక్కోసారి మొహం తిప్పేసుకుని మళ్లీ తట్టేవాడు. ఇంకో గ్లాసు తెచ్చేదాన్ని. అట్లాగే పోయాడు.

ఆయన పోయిన నెలకు పెద్దమనుషులు కూర్చున్నారు. మా చిన్నాయిన సామ్యేలు కాజీపేటలో గోడల మీద బోర్డులు రాసేవాడు. దుకాణం తనకివ్వాలన్నాడు. ఆడపిల్ల రంపం పట్టుకుంటే ఊరు నవ్వుతుందన్నాడు. నేను ఇవ్వనన్నాను. పెద్దమనుషులు ఎటూ తేల్చలేక, ఆర్నెల్లు చూద్దామన్నారు. ఎస్తేరు చేతిలో ఒక్క పెద్ద పని చెడినా దుకాణం సామ్యేలుది. అదీ తీర్పు. ఎస్తేరు అంటే నేనే.

సరిగ్గా అప్పుడే నర్సింగ్ హోమ్ డాక్టరమ్మ కబురు పెట్టింది.

అక్కడ రోగులు కూర్చునే హాల్లో నాలుగడుగుల చేపల తొట్టి ఉండేది. ఆక్రిలిక్‌తో మా నాయిన చేసిందే. మంచాన పడకముందు ఆయన చేసిన చివరి పెద్ద పని అది. అందులో రెండు బంగారు చేపలు అరచేయంత పెరిగాయి. తొట్టి పైన చుట్టూ ఫోటో ఫ్రేములాంటి పట్టీ, మధ్యలో జానెడు వెడల్పున ఒక అడ్డపట్టీ. అది అడ్డమొచ్చి కడగడానికి చేయి పట్టడం లేదు, వల దిగడం లేదు. అడ్డపట్టీ తీసేయమని డాక్టరమ్మ అడిగింది.

అంతకుముందే మా చిన్నాయిన ఆమెకు మాటిచ్చి వచ్చాడు. "పది నిమిషాల పని మేడం. ఆక్సా బ్లేడు తీస్కొని టక్కున కోసేస్త."

టక్కున కోస్తాడట! ఆ పట్టీ అలంకారానికి పెట్టింది కాదు. నీళ్లు గోడలను బయటికి నెడుతూ ఉంటాయి. ప్లాస్టిక్ మెత్తన, ఉబ్బుతుంది. బండి చక్రానికి ఇనుప పట్టా ఎట్లాగో తొట్టికి ఆ పట్టీలు అట్లాగ. అడ్డపట్టీ ఊరికే కోసేస్తే ఇవాళ కాకపోతే రేపు తొట్టి పగిలి, నిండు తొట్టి నీళ్లూ పక్కన కూర్చున్న గర్భిణుల మీద పడతాయి.

నేను డాక్టరమ్మతో అదే చెప్పాను. "తీసుడు గాదు మేడం, మార్చాలె. పొడుగు అంచుల మీద ఇంకో పొర మందపు పట్టీ అతికిస్త. రెండు కొసలకు రెండు సన్నపు అడ్డపట్టీలు వెడ్త. నడుమ జాగ దొరుకుతది."

"ఎప్పటివరకు?"

"మీరు చెప్పుండ్రి."

"సోమవారం పొద్దున నిండు నీళ్లతోని చేపలు కనవడాలె. కాకపోతే మీ చిన్నాయినకే చెప్పుకుంట."

శనివారం రాత్రి ఎనిమిదింటికి రోగులు వెళ్లిపోతారు. ఆదివారం సెలవు. అంటే నాకు ఉన్నది ఆ రాత్రి, ఆ ఆదివారం, అంతే.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. దాచను. కొత్త పట్టీలు అతికించాలి, అతుకు ముదిరేదాకా ఒక రోజు ఆగాలి, ఆ తర్వాతే పాతది కోయాలి. మా నాయిన చెప్పిన వరస అది. నేను లెక్క వేసుకున్నాను... టైము చాలదు. నీళ్లు ఎట్లాగూ తీసేస్తున్నాను, బరువే ఉండదు, పాతది ముందే కోసేస్తే ఏమవుతుంది? కోసేసి, క్లాంపులతో బిగించి, కొత్తవి అతికిస్తే పొద్దటికి సగం పని అయిపోతుంది. అందులో తొందరుంది. చిన్నాయిన ముందు పోతానన్న భయమూ ఉంది. భయం అనే ఒప్పుకుంటున్నాను.

ఆ రాత్రి చేపలను బాత్రూములో పెద్ద టబ్బులోకి మార్చి, మీద దోమతెర కప్పి, తలుపు మూసేశాను. పైపుతో నీళ్లు లాగేశాను. అడుగున నాలుగు వేళ్ల నీళ్లు మిగిలాయి. కిటికీలు రెండూ బార్లా తీశాను. బయట వరండాలో వాచ్‌మన్ రాజయ్య తాత కూర్చున్నాడు. వర్ధన్నపేట దిక్కు మనిషి. ఒకటే దగ్గు.

సామాన్లు పరుచుకున్నానో లేదో... కరెంటు పోయింది.

రాజయ్య తాత లాంతరు పట్టుకొచ్చాడు. "కందిలి ఈడ వెట్టనా బిడ్డా?"

"పెట్టు తాతా. గిప్పుడైతే కోసుడే. సీసా తియ్య."

సీసా తీయలేదు. వింటున్నారు కదా... క్లోరోఫారం సీసా మూత బిగించి, సంచిలో, గుడ్డలో చుట్టి ఉంది. లాంతరు వెలుగుతుండగా నేను దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఊరంతా "వాసన తలకెక్కింది పిల్లకు" అంది. మూత తీయని సీసా వాసన ఎవరి తలకెక్కుతుంది?

తాత బయటికి పోయాడు. నేను స్టూలెక్కాను. అలవాటు ప్రకారం అడ్డపట్టీ మీద వేలి కణుపుతో తట్టాను.

టక్... టక్... టక్.

గట్టి చప్పుడు. మంచి అతుకు. వెంటనే రంపం అందుకున్నాను. ఆగి వినాలి కదా... ఆగలేదు. రంపం పళ్లు పట్టీ మీద ఆనించాను.

టక్...

టక్...

టక్.

నేను కాదు. నా రెండు చేతులూ రంపం మీదే ఉన్నాయి.

చప్పుడు తొట్టి ఎడమ కొస నుంచి వచ్చింది. గోడ వైపు నుంచి. నేను తట్టినట్టే... మధ్యలో అదే ఎడం, అదే బరువు. వేలి కణుపు ప్లాస్టిక్‌కు తగిలే చప్పుడు నాకు తెలియదా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి విన్నది అదే.

"తాతా!" అన్నాను.

"ఆ... ఏంది బిడ్డా?" వరండాలోంచి జవాబు. వెంటనే దగ్గు. ఆయన అక్కడే ఉన్నాడు.

"ఏం లేదు," అన్నాను.

రంపం ఎత్తాను. నిశ్శబ్దం. లాంతరు వత్తి చిటపటమంది. ఎక్కడో రైలు కూత. నీళ్లు తగ్గితే ప్లాస్టిక్ సర్దుకుంటుంది, అప్పుడప్పుడు చిటుక్కుమంటుంది. అదే అయి ఉంటుంది అనుకున్నాను. మళ్లీ రంపం ఆనించాను.

టక్... టక్... టక్.

ఎత్తాను. ఏమీ లేదు. పది లెక్కపెట్టాను. ఇరవై లెక్కపెట్టాను. ఏమీ లేదు. మెల్లగా... చాలా మెల్లగా... పళ్లు ఆనీ ఆనకుండా దించాను.

టక్... టక్... టక్.

అరచేతులకు చెమట. రంపం పిడి జారుతోంది. దిగి పారిపోవచ్చు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. కానీ పారిపోతే? పొద్దున మా చిన్నాయిన వస్తాడు. దుకాణం తాళంచెవి తీసుకుంటాడు. ఆడది చీకటికి జడిసి పారిపోయిందని కాజీపేట దాకా చెప్పుకుంటాడు. దయ్యం కంటే ఆయన నవ్వే ఎక్కువ భయపెట్టింది నన్ను.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. స్టూలు మీద నిలబడే అరిచాను. ఆ చీకట్లోకి, ఆ ఖాళీ తొట్టిలోకి చూస్తూ.

"ఎవలు నువ్వు? ఏం గావాలె నీకు? నా దుకాణం పోతది ఈడ! నీకేం పోతది? చెప్పేదుంటే సక్కగ చెప్పు... లేకపోతే నన్ను పని చేసుకోనియ్యి!"

నా గొంతు హాలంతా తిరిగి నాకే వినిపించింది. ఆ తర్వాత... ఏమీ లేదు. రాజయ్య తాత దగ్గు కూడా ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

అప్పుడు... ఒక్కటే చప్పుడు.

చిర్...

టక్ కాదు. చిర్. పగిలిన చోట వచ్చే చప్పుడు.

కిందికి చూశాను. అడుగున ఉన్న నాలుగు వేళ్ల నీళ్ల మీద వలయాలు. ఎడమ వెనక మూల నుంచి మొదలై, ఒకదాని వెనక ఒకటి, మెల్లగా నా వైపు వస్తున్నాయి. పైనుంచి చుక్క పడిందా? పడి ఉండొచ్చు. నేను చూడలేదు. వలయాలు మాత్రం చూశాను. ముందు గోడను తాకి ఆగిపోయేదాకా చూశాను.

దిగాను. లాంతరు పట్టుకుని ఆ మూలకు పోయాను. అక్కడ పై పట్టీ మీద ట్యూబ్‌లైటు పెట్టె బిగించి ఉంది. తొట్టి పెట్టిన నాటి నుంచి దాన్ని ఎవరూ కదిలించలేదు. మరలు విప్పి పెట్టె పక్కకు జరిపాను.

పై పట్టీలో అడ్డపట్టీకి అటొకటి ఇటొకటి, రెండు ఖాళీలు. ఒక్కో ఖాళీకి నాలుగు మూలలు. ఏడు మూలలు గుండ్రంగా, నున్నగా కోసి ఉన్నాయి. ఎనిమిదోది... చదరంగా ఉంది.

నమ్మలేకపోయాను. ఆక్రిలిక్‌లో మూల ఎప్పుడూ చదరంగా కోయకూడదు, చదరపు మూలలోనే పగులు పుడుతుంది. ఇది నాకు చెప్పింది ఎవరు? మా నాయినే. ఒకసారి నేను చదరంగా కోస్తే చెవి మెలిపెట్టింది ఎవరు? మా నాయినే. ఆ మూల ఆయన కోసిందే.

మూలలోంచి చిటికెన వేలంత పగులు, వెంట్రుకలా సన్నగా, వెనక గోడ వైపు దిగి ఉంది. ఇన్నాళ్లుగా ఉబ్బిన గోడలను ఆ అడ్డపట్టీయే పట్టి ఉంచుతోంది. నేను దాన్ని ముందు కోసి ఉంటే గోడలు ఒక్కసారిగా విడిపోయేవి, ఆ అదురుకు పగులు అడుగు దాకా చీలిపోయేది. తొట్టి పోయేది. దుకాణం కూడా.

ఆ మూల పక్కన ఎర్ర మైనపు పెన్సిలుతో ఒక చిన్న గుర్తు. ఇంటూ గుర్తు. మా దుకాణంలో దానికి ఒక్కటే అర్థం... 'మళ్లీ వచ్చి సరిచేయాలి.' అది పెట్టేది మా నాయిన ఒక్కడే.

లాంతరు కింద పెట్టి నేల మీదే కూలబడ్డాను. తర్వాత లేచాను. ఏడుస్తూ కూర్చుంటే పని ఎవరు చేస్తారు?

పగులు కొసన చేతి డ్రిల్లుతో చిన్న గుండ్రటి రంధ్రం వేశాను, ఇక ముందుకు పాకకుండా. చదరపు మూలను ఆకురాయితో గుండ్రంగా అరగదీశాను. కరెంటు వచ్చాక లాంతరు ఆర్పి బయట పెట్టి, అప్పుడు... అప్పుడు మాత్రమే... సీసా తీశాను. పగులు మీద అతుకు ముక్క వేశాను. కొత్త పట్టీలన్నీ అతికించి క్లాంపులు బిగించాను. పాత అడ్డపట్టీని ముట్టుకోలేదు. తెల్లారింది. మళ్లీ ఏ చప్పుడూ రాలేదు.

సోమవారం పొద్దున డాక్టరమ్మ వచ్చేసరికి తొట్టి ఖాళీగానే ఉంది. పక్కనే చేతులు కట్టుకుని మా చిన్నాయిన.

"నేను చెప్పలే మేడం? గీ పిల్లతోని కాదని."

"ఇంకా రెండు రోజులు పడతది మేడం," అన్నాను నేను. "ఇయ్యాల రాత్రి పాత పట్టీ కోస్త. రేపు సగం నీళ్లు పోసి, అంచుకు దారం కట్టి ఎంత ఉబ్బుతాందో చూస్త. ఎల్లుండి నిండుగ పోస్త. గంతకుముందు చుక్క పొయ్యనియ్య. మా నాయిన చేసిన దాంట్ల తప్పున్నది. గది నేను సరిజేసిన."

"సచ్చినోని మీద తప్పు వెడ్తానవా!" చిన్నాయిన మీదికొచ్చాడు.

లైటు పెట్టె జరిపి మూల చూపించాను. ఎర్ర గుర్తు చూపించాను. చిన్నాయిన వంగి దాన్ని వేలితో తడిమాడు. అన్న చేతి గుర్తు ఆయనకు తెలుసు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "బుధవారం," అంది. అంతే.

బుధవారం నీళ్లు నిండాయి. గోడలు కదల్లేదు. ఆ నర్సింగ్ హోమ్ వేరే చోటికి మారేదాకా ఆ తొట్టి నిలబడింది. దుకాణం నా దగ్గరే ఉండిపోయింది.

ఇక మీరు అడగబోయేవన్నీ నాకు తెలుసు. చేపలు కొట్టుకున్న చప్పుడంటారు. అవి బాత్రూములో ఉన్నాయి, తలుపు మూసి ఉంది. బల్లి అంటారు. బల్లికి మూడు లెక్కపెట్టడం ఎవరు నేర్పారు? నా అంతట నేనే ఒప్పుకునేది ఒక్కటుంది. రంపం ఆనించిన ప్రతిసారీ నా మోచేయి పట్టీ మీద ఆనేది. ఆ బరువుకు పగులు చప్పుడు చేసి ఉండొచ్చు. తర్వాత చాలాసార్లు పగిలిన ముక్కల మీద మోచేయి పెట్టి చూశాను. చిర్రుమంది, చిటుక్కుమంది. మూడుసార్లు మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

అది మా నాయినే అని నేను అనను. చూడనిదాన్ని చూశానని చెప్పను. ఆయనే అయితే భయం లేదు నాకు, కోపముంది. చెప్పేదేదో బతికుండగానే చెప్పొచ్చు కదా అని ఆ ఆదివారం పొద్దున ఇంటికి నడుస్తూ దారంతా తిట్టుకున్నాను.

ఇంటికొచ్చి ఆయన మంచం మీద కూర్చున్నాను. ఎవరూ వాడకుండా అట్లాగే ఉంది అది. ఎడమ చేతి వైపు చువ్వ మీద రూపాయి బిళ్లంత మేర ఆకుపచ్చ రంగు లేచిపోయి ఇనుము మెరుస్తోంది. నాలుగు నెలలు తట్టిన చోటు. టక్... టక్... టక్... ఎన్ని వందల సార్లో. నేను దుకాణం నుంచి వచ్చిన ప్రతిసారీ, నన్ను చూసిన ప్రతిసారీ తట్టేవాడు. అమ్మ ఎదురుగా ఉంటే తట్టేవాడు కాదు. అది నాకు అప్పుడు గుర్తొచ్చింది.

నేను ఆయనకు నీళ్లు తాగించాను. మొహం తిప్పేసుకుంటే, మళ్లీ తాగించాను.

ఆయన దాహంతోనే తట్టాడేమో. తొట్టి కోసమే తట్టాడేమో. ఆ రాత్రి తట్టింది ఎవరో తెలియనట్టే ఇది కూడా నాకు తెలియదు, ఎవరూ చెప్పలేరు. కానీ అప్పటి నుంచి మా ఇంట్లో మంచాన పడ్డవాళ్లు ఎవరు తట్టినా నేను గ్లాసు అందుకోను. మొహం దగ్గరికి వంగి, ఏందని అడుగుతాను. వాళ్లు చెప్పేదాకా అక్కడే ఉంటాను.